ఈ-కోర్టులు – మన శాఖల బాధ్యత

బ్యాంకు ఉద్యోగంలో చేరిన ప్రతివారికీ ఏదో ఒక రోజు కోర్టుతో పని పడుతుంది. మొండి బకాయి కోసం దావా వేయడం కావచ్చు, చెక్కు కేసులో సాక్ష్యం చెప్పడం కావచ్చు, ఖాతాను స్తంభింపజేయమని వచ్చిన ఉత్తర్వును అమలు చేయడం కావచ్చు. నేను చదివింది ఎంబీఏ, న్యాయశాస్త్రం కాదు. అయినా వసూళ్ల విభాగంలోకి వచ్చినప్పటి నుంచి నా రోజులో సగభాగం కోర్టు కాగితాలతోనే గడుస్తోంది. ఆ కాగితాలు కాస్తా నెమ్మదిగా తెరమీదికి మారిపోవడం కూడా ఈ కుర్చీలో కూర్చునే చూశాను.

ఈ మార్పు గురించి శాఖల్లో మాట్లాడితే సాధారణంగా వినిపించే మాట ఒకటి: "అదంతా మన లాయరుగారు చూసుకుంటారు కదా!" చూసుకుంటారు, నిజమే. కానీ ఆయన అప్‌లోడ్ చేసేది మనం ఇచ్చినదాన్నే. కోర్టు డిజిటల్ అయినకొద్దీ కేసు బలం కోర్టు హాలులో కంటే ముందే, శాఖలో పత్రం తయారయ్యే చోటే, తేలిపోతోంది. ఈ సంగతిని కాస్త వివరంగా పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడిదాకా ఎలా వచ్చాం?

భారత న్యాయవ్యవస్థలో సమాచార సాంకేతికతకు సంబంధించిన జాతీయ విధానం 2005లో రూపుదిద్దుకుంది. సుప్రీంకోర్టు ఈ-కమిటీ దాన్ని తయారు చేసింది. సుప్రీంకోర్టులో ఈ-ఫైలింగ్ 2006లోనే మొదలైంది. 2007లో ఈ-కోర్టుల ప్రాజెక్టు మొదటి దశ ఆరంభమైంది. కింది కోర్టులకు కంప్యూటర్లు ఇవ్వడం, వాటిని నెట్‌వర్కుతో కలపడం అప్పటి పని. ఆ దశలో 14,249 కోర్టులు కంప్యూటరీకరణ పొందాయి. రెండో దశ 2015 నుంచి 2023 వరకు సాగింది. దానికి 1,670 కోట్ల రూపాయలు కేటాయించారు. కంప్యూటరీకరించిన జిల్లా, కింది కోర్టుల సంఖ్య 18,735కు చేరింది. కేసు వివరాలు సామాన్యుడికి ఫోనులో కనిపించడం మొదలైంది ఈ దశలోనే.

మూడో దశకు కేంద్ర మంత్రివర్గం 2023 సెప్టెంబరు 13న ఆమోదం తెలిపింది. నాలుగేళ్లకు కేటాయింపు 7,210 కోట్ల రూపాయలు. అంటే రెండో దశకు నాలుగు రెట్లకు పైమాటే. ఇందులో 2,038 కోట్లకు పైగా సొమ్మును కేవలం పాత, కొత్త రికార్డులను స్కాన్ చేసి భద్రపరచడానికే ఉద్దేశించారు. కోర్టు తన రికార్డు గదినే తెరమీదికి తెచ్చుకుంటున్నదన్నమాట.

మధ్యలో కోవిడ్ వచ్చింది. 2020 ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు వీడియో విచారణలకు మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పటిదాకా అరుదుగా వాడిన సౌకర్యం రాత్రికి రాత్రే నిత్యావసరమైంది. ఆ తర్వాత కోర్టుల తలుపులు తెరుచుకున్నా ఆ అలవాటు పోలేదు.

శాఖాధికారి తెలుసుకోవలసిన సౌకర్యాలు

మొదటిది సీఎన్‌ఆర్ సంఖ్య. జిల్లా కోర్టులు, హైకోర్టులలో నమోదైన ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలతో కూడిన ఒక గుర్తింపు ఉంటుంది. మన ఖాతా సంఖ్య లాంటిదే. కేసు ఒక కోర్టు నుంచి మరో కోర్టుకు మారి, దావా నంబరు మారినా దాని ఆచూకీ పోదు. ఈ సంఖ్యను ఈ-కోర్టుల వెబ్‌సైటులోనో మొబైల్ యాప్‌లోనో ఇస్తే తదుపరి వాయిదా, గత ఉత్తర్వులు, కేసు ఏ దశలో ఉందో వెంటనే కనిపిస్తాయి. వాయిదా తేదీ కోసం న్యాయవాది గుమాస్తాకు పదిసార్లు ఫోను చేసే అవసరం ఇక లేదు. డీఆర్‌టీ కేసుల వివరాలకు మాత్రం ఆ ట్రైబ్యునళ్ల సొంత పోర్టల్ చూడాలి. అక్కడ డైరీ నంబరు, కేసు నంబరు పనికొస్తాయి.

రెండోది జాతీయ న్యాయ గణాంకాల గ్రిడ్. 2015 నుంచి ఇది అందరికీ అందుబాటులో ఉంది. ఏ జిల్లాలో ఎన్ని కేసులు, ఎన్నేళ్లుగా పెండింగులో ఉన్నాయో ఇందులో చూడవచ్చు. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా తన లెక్కలను ఇందులో చేర్చింది. దావా వేయాలా, లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించాలా అని ఆలోచించేటప్పుడు ఈ లెక్కలు చూడటం మంచి అలవాటు.

మూడోది వీడియో విచారణ. తెలుగు రాష్ట్రాల డీఆర్‌టీలు హైదరాబాదులోను, విశాఖపట్నంలోను ఉన్నాయి. వాటి ఉత్తర్వులపై అప్పీలు మాత్రం కోల్‌కతాలోని అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. ఐదు నిమిషాల్లో ముగిసే వాయిదా కోసం ఒక అధికారి ఫైలు చంకన పెట్టుకుని రైలెక్కితే రానూపోనూ మూడు నాలుగు రోజులు పోయేవి. తీరా వెళ్తే వాయిదా పడిన సందర్భాలూ ఎన్నో. ఈ ప్రయాణాలు తగ్గడమే మనకు దక్కిన మొదటి లాభం.

నాలుగోది, కేరళలో జరుగుతున్న ఒక ప్రయోగం. కొల్లంలో 2024 నవంబరు 20న 24 గంటలూ పనిచేసే ఆన్‌లైన్ కోర్టు మొదలైంది. అది విచారించేది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద వచ్చే చెక్కు కేసులను. కేసు దాఖలు నుంచి విచారణ దాకా అంతా ఆన్‌లైన్‌లోనే సాగేలా దాన్ని రూపొందించారు. చెక్కు కేసులు మనకు నిత్యకృత్యం కాబట్టి ఈ ప్రయోగాన్ని మనం శ్రద్ధగా గమనించాలి.

డీఆర్‌టీలో ఈ-ఫైలింగ్

20 లక్షల రూపాయలు, అంతకు మించిన బకాయిలపై మనం వెళ్లేది రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు. 1993 నాటి రుణ వసూళ్ల చట్టాన్ని 2016లో సవరించినప్పుడే ఎలక్ట్రానిక్ దాఖలుకు దారి ఏర్పడింది. 2020లో ఈ-ఫైలింగ్ నియమాలు వచ్చాయి. మొదట అది ఐచ్ఛికం. 2021లో 100 కోట్లు, ఆపైన ఉన్న కేసులకు తప్పనిసరి చేశారు. 2023 సవరణతో బకాయి ఎంతైనా సరే తప్పనిసరి అయింది. అంతవరకు పెద్ద రుణాలు చూసే శాఖల సమస్యగా ఉన్నది ఆ సవరణతో మండల కేంద్రంలోని శాఖ దాకా వచ్చేసింది.

కాగితం మీద దాఖలు చేసే రోజుల్లో ఒక వెసులుబాటు ఉండేది. అస్పష్టంగా ఉన్న జిరాక్సు చూసి రిజిస్ట్రీ సిబ్బంది అసలు తెమ్మంటే, మనం సంచిలోంచి తీసి చూపేవాళ్లం. తెరకు ఆ సంచి కనిపించదు. స్కాన్‌లో ఉన్నదే పత్రం, లేనిది లేనట్టే.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక శాఖ నుంచి రైస్ మిల్లు రుణం ఫైలు మా విభాగానికి వచ్చింది. బకాయి 60 లక్షల పైచిలుకు. కాలపరిమితి ముగియడానికి ఇంకా 11 రోజులే ఉంది. అసలు గడువు ఎప్పుడో దాటిపోవలసింది. రుణగ్రహీత మధ్యలో సంతకం చేసి ఇచ్చిన బకాయి ఒప్పుకోలు పత్రం వల్లే అది నిలిచింది. అంటే ఆ కేసు ప్రాణమంతా ఆ ఒక్క కాగితం మీది తేదీలో ఉంది. పత్రాలన్నీ స్కాన్ చేసి పంపారు. ఆ కాగితాన్ని మాత్రం ఫైలు కుట్టు విప్పకుండా ఫోనుతో ఫోటో తీశారు. కుట్టు దగ్గర మడతలో తేదీ సగం చిక్కుకుపోయింది. రోజు, నెల కనిపిస్తున్నాయి, సంవత్సరం లేదు. సబ్-స్టాఫ్ మిత్రుడు ఒకరు రాత్రి బస్సులో వెళ్లి ఫైలు తెచ్చారు. కుట్టు విప్పి మళ్లీ స్కాన్ చేసి, గడువుకు రెండు రోజుల ముందు దాఖలు చేశాం. ఆ 60 లక్షలు డిపాజిటర్ల సొమ్ము. ఒక మడత కింద అది పోయి ఉండేది.

గడువు ఎక్కడ ఆగుతుంది?

కాలపరిమితి చట్టం డీఆర్‌టీకీ వర్తిస్తుంది. ఈ-ఫైలింగ్ వచ్చాక కొత్త ప్రశ్న ఒకటి తలెత్తింది. ఆన్‌లైన్‌లో ఒక తేదీన, కాగితపు ప్రతులు మరో తేదీన దాఖలైతే గడువుకు ఏ తేదీని లెక్కించాలి? దివాలా కేసుల అప్పీళ్లలో ఈ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సంకేత్ కుమార్ అగర్వాల్ వర్సెస్ ఏపీజీ లాజిస్టిక్స్ కేసులో అప్పీలును 2022 అక్టోబరు 10న ఆన్‌లైన్‌లోను, అదే నెల 31న కాగితాల రూపంలోను దాఖలు చేశారు. అప్పిలేట్ ట్రైబ్యునల్ గడువు మీరిందని కొట్టేసింది. సుప్రీంకోర్టు 2023 మే 1న ఆ ఉత్తర్వును పక్కన పెట్టి, ఈ-ఫైలింగ్ తేదీనే పరిగణించాలని తేల్చింది. ఈ-ఫైలింగ్‌తో పాటు కాగితపు ప్రతులను కూడా పట్టుబట్టి అడిగే పద్ధతిని తప్పుపట్టింది కూడా.

తీర్పు మనకు ఊరట కలిగించేదే. కానీ దీన్ని ధీమాగా మార్చుకోకూడదు. చివరి రోజు సాయంత్రం సర్వరు మొరాయించవచ్చు. ఫైలు పరిమాణం ఎక్కువై అప్‌లోడ్ ఆగిపోవచ్చు. డిజిటల్ సంతకం గడువు తీరిపోయి ఉండవచ్చు. కాబట్టి దాఖలుకు చట్టం చెప్పే గడువు ఒకటైతే, శాఖ పెట్టుకోవలసిన గడువు దానికి కనీసం మూడు నెలల ముందుండాలి.

కంప్యూటర్ ప్రతికి ధ్రువపత్రం

మన లెడ్జర్లు ఇప్పుడు సర్వర్లలో ఉన్నాయి. కోర్టుకు మనం ఇచ్చే ఖాతా నివేదిక ఆ సర్వరు నుంచి తీసిన ప్రింటు మాత్రమే. అది సాక్ష్యంగా చెల్లాలంటే రెండు చట్టాలను గుర్తుంచుకోవాలి.

మొదటిది 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం. సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చినప్పుడు దీనిలో 2ఏ సెక్షను చేరింది. ప్రింటు సరైనదేనని ప్రధాన అకౌంటెంటు లేదా శాఖ మేనేజరు ధ్రువీకరించాలి. దానితో పాటు కంప్యూటర్ వ్యవస్థ బాధ్యులు భద్రతా ఏర్పాట్లను వివరిస్తూ మరో పత్రం ఇవ్వాలి. మార్చడానికి ఎవరికి అధికారం ఉంది, అనధికార మార్పులను ఎలా అడ్డుకుంటారు, డేటాను ఎలా భద్రపరుస్తారు అన్నవి అందులో రావాలి.

రెండోది భారతీయ సాక్ష్య అధినియమ్, 2023. పాత సాక్ష్య చట్టంలోని 65బి ధ్రువపత్రం మనకు పరిచయమే. అది తప్పనిసరి అని 2014లో అన్వర్ కేసులోను, 2020 జూలైలో అర్జున్ పండిత్‌రావు కేసులోను సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో కొత్త చట్టంలోని 63వ సెక్షను అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ధ్రువపత్రానికి నిర్దిష్టమైన నమూనా ఉంది. అందులో రెండు భాగాలున్నాయి. 'ఏ' భాగాన్ని రికార్డును సమర్పించే పక్షం, 'బి' భాగాన్ని నిపుణుడు పూరించాలి. రికార్డు హ్యాష్ విలువను కూడా రాయాలి.

హ్యాష్ అంటే కంగారు పడనక్కర్లేదు. అది ఆ ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఎస్‌హెచ్‌ఏ-256 వంటి పద్ధతితో కంప్యూటరే లెక్కగట్టి అక్షరాలు, అంకెల వరుస ఒకటి ఇస్తుంది. ఆ తర్వాత ఫైలులో ఒక్క కామా మార్చినా వేలిముద్ర పూర్తిగా మారిపోతుంది. మనం ఇచ్చిన ఫైలు, కోర్టు ముందున్న ఫైలు ఒకటేనని చూపడానికి ఇది సాధనం. కాబట్టి హ్యాష్ తీసిన తర్వాత ఆ ఫైలును తెరిచి మళ్లీ సేవ్ చేయకూడదు, పేజీలు తిప్పకూడదు, కుదించకూడదు. ఆ పనులన్నీ ముందే ముగించాలి. రికార్డును సమర్పించిన ప్రతిసారీ ధ్రువపత్రం ఉండాలన్నది మరో నియమం. ఒకసారి ఇచ్చాం కదా అని ఊరుకుంటే కుదరదు.

నోటీసు అందవలసిన మనిషి

ఇంతవరకు మన వైపు నుంచే మాట్లాడాను. కోర్టు అంటే రెండు పక్షాలు. రెండో పక్షంలో ఉన్నది ఒకప్పుడు మన కౌంటరు దగ్గర నిలబడి రుణం తీసుకున్న మనిషే.

2020 జూలైలో సుప్రీంకోర్టు సమన్లు, నోటీసులను ఈమెయిల్, వాట్సాప్ ద్వారా కూడా పంపడానికి అనుమతించింది. 2025 సెప్టెంబరులో సంజబిజ్ తారి కేసులో చెక్కు కేసుల సమన్లకు ఎలక్ట్రానిక్ మార్గాలను కూడా వాడాలని, నిందితుడి ఈమెయిల్, ఫోను వివరాలను ఫిర్యాదుదారు ప్రమాణపత్రంతో ఇవ్వాలని ఆదేశించింది. ఆ వివరాలు మన దగ్గర సరిగా ఉన్నాయా?

పాత రుణ దరఖాస్తులు తిరగేస్తుంటే నాకు కనిపించేది ఇది. రైతు ఈమెయిల్ గడిలో ఊళ్లోని నెట్ సెంటరు వారి చిరునామా ఉంటుంది. ఫోను నంబరు పెళ్లయి వెళ్లిపోయిన కూతురిది. హామీదారు గడిలో ఏమీ లేదు. అలాంటి చిరునామాకు నోటీసు వెళ్తే సాంకేతికంగా పంపినట్టే. కానీ ఆ మనిషికి తెలియదు. తెలియకుండానే ఏకపక్ష ఉత్తర్వు వస్తుంది. ఇల్లు వేలానికి వచ్చినప్పుడు తెలుస్తుంది. అప్పుడు ఆయన తనకు నోటీసే అందలేదని కోర్టుకు వెళ్తారు. ఉత్తర్వు రద్దయి కేసు మొదటికి వస్తుంది. ఆయనకు అన్యాయం, మనకు నష్టం. కేవైసీ నవీకరణను తనిఖీ కోసం చేసే లాంఛనంగా కాక, అవతలి మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇచ్చే పనిగా చూడమని నా మనవి.

స్మార్ట్‌ఫోను వాడటం రాని కక్షిదారుల కోసం కోర్టు ప్రాంగణాల్లో ఈ-సేవా కేంద్రాలు ఏర్పాటయ్యాయి. కేసు వివరాలు చెప్పడం, ఈ-ఫైలింగ్‌కు సాయపడటం వాటి పని. మన దగ్గరకు వచ్చి అడిగిన రుణగ్రహీతకు ఆ దారి చూపడం మనకు వ్యతిరేకం కాదు. భాష విషయంలోనూ మార్పు వస్తోంది. తీర్పుల అనువాదానికి సువాస్ అనే కృత్రిమ మేధ సాధనాన్ని సుప్రీంకోర్టు 2019 నుంచి వాడుతోంది. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి వివాదంలో తీర్పును తెలుగులోనూ వెలువరించింది. తన ఇంటి గురించి కోర్టు ఏమన్నదో తన భాషలో చదువుకోగలగడం చిన్న విషయం కాదు.

ఉత్తర్వు అసలైనదేనా?

డిజిటల్ కోర్టుకు నీడలా ఒక ప్రమాదం కూడా వచ్చింది. కోర్టు ముద్ర, న్యాయమూర్తి సంతకం ఉన్న నకిలీ ఉత్తర్వులు పీడీఎఫ్ రూపంలో తిరుగుతున్నాయి. 'డిజిటల్ అరెస్టు' పేరుతో వృద్ధులను బెదిరించి సొమ్ము బదిలీ చేయించుకునే ముఠాలు వీటినే వాడుతున్నాయి. సుప్రీంకోర్టు పేరుతోనే ఇలాంటి ఉత్తర్వులు సృష్టించిన ఉదంతంపై ఆ కోర్టు 2025 అక్టోబరులో స్వయంగా విచారణ చేపట్టింది. ఒక పెద్దాయన కంగారుగా వచ్చి డిపాజిట్ రద్దు చేయమంటే, కౌంటరులో ఉన్నవారు ఒక నిమిషం ఆగి కారణం అడగాలి. ఆయన కోర్టు కాగితం చూపితే కేసు నంబరును అధికారిక వెబ్‌సైటులో సరిచూడాలి. చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదని చెప్పాలి. ఈమెయిల్‌లో వచ్చిన స్తంభన ఉత్తర్వుల విషయంలోనూ పంపినవారి చిరునామాను పరిశీలించి, మన న్యాయ విభాగంతో నిర్ధారించుకోవాలి.

శాఖలో రేపటి నుంచి చేయదగినవి

1. రుణ పత్రాలను సంతకాలైన వారంలోపే స్కాన్ చేయాలి. కుట్టు విప్పి, ఫోనుతో కాక స్కానరుతో, స్టాంపు కాగితం వెనక వైపు కూడా తీయాలి. ఆకుపచ్చ సిరా, వేలిముద్ర, రబ్బరు స్టాంపు స్పష్టంగా వచ్చాయో లేదో తెరమీద చూసి మరీ ముగించాలి.

2. ఫైళ్లకు 'స్కాన్ 1', 'స్కాన్ 2' అని కాక ఖాతా సంఖ్య, పత్రం పేరు, తేదీ పెట్టాలి. వెతికితే దొరకాలి.

3. ప్రతి నిరర్థక ఖాతాకూ కాలపరిమితి ముగిసే తేదీని, చివరి ఒప్పుకోలు పత్రం తేదీని ఒకే పట్టికలో ఉంచి నెలకోసారి చూడాలి.

4. 2ఏ ధ్రువపత్రాలు, 63వ సెక్షను ధ్రువపత్రం ఎవరు సంతకం చేయాలో ముందే తెలుసుకోవాలి. 'బి' భాగం కోసం చివరి రోజున వెతుక్కోకూడదు.

5. రుణగ్రహీతతో పాటు హామీదారు ఫోను, ఈమెయిల్ వివరాలను ఏటా సరిచూడాలి. ఆ నంబరు ఎవరిదో అడగాలి.

6. శాఖకు సంబంధించిన కేసుల సీఎన్‌ఆర్, డైరీ నంబర్లు ఒకచోట రాసి ఉంచాలి. బదిలీపై వెళ్లేవారు వాటిని అప్పగింత పత్రంలో చేర్చాలి.

నాణ్యతను చివర తనిఖీ చేసి తీసుకురాలేమని, పని జరిగే చోటే దాన్ని కట్టుకుంటూ రావాలని ఎంబీఏ తరగతిలో డెమింగ్ పాఠంగా చదువుకున్నాం. అప్పట్లో అది కార్ల కర్మాగారాలకు సంబంధించిన సంగతి అనిపించింది. ఈ-ఫైలింగ్ కేసులు చూశాక మన రుణ పత్రానికీ అదే వర్తిస్తుందని అర్థమైంది. దాఖలు చేసే రోజున పత్రాన్ని బాగుచేయలేం. అది పుట్టిన రోజునే బాగుండాలి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కోర్టులు తమ వంతు పని చేస్తున్నాయి. మన వంతు పని శాఖలోని స్కానరు దగ్గర, రుణ దరఖాస్తులోని ఆ ఖాళీ గడి దగ్గర ఉంది. ఈ వ్యాసం చదివిన మిత్రులు ఈ వారం తమ శాఖలో గడువు దగ్గరపడిన ఒక్క ఫైలునైనా తెరిచి, అందులోని ఒప్పుకోలు పత్రం తేదీ తెరమీద స్పష్టంగా కనిపిస్తోందో లేదో చూడాలని కోరుతున్నాను.